కాళ్ళ మీద పడని తమ్ముడు

"ఆ ముగింపు పుస్తకంలో లేదండి."

వెనక వరసలోంచి వచ్చిందా మాట. చప్పట్లు టక్కున ఆగిపోయాయి.

ఒడిశాలోని సునాబెడ తెలుగు చదువరుల సంఘం కార్యదర్శి వరాహనరసింహానికి ఒళ్ళు మండింది.

పడవ నడుపుకునే అన్నదమ్ముల నవల మీద ఆయన మనవరాలు అనూహ్య అప్పుడే తన అభిప్రాయం చెప్పి మైకు దించింది. చివర్లో తమ్ముడు అన్నకి తల వంచకుండా, తన పడవ తను విప్పుకుని వెళ్ళిపోయే ఘట్టం చెబుతుంటే హాలంతా ఊపిరి బిగబట్టి వింది.

ఆ పిల్ల అభిప్రాయం మీదే తాతగారి పరువంతా ఉంది.

"ఊరందరికీ తెలుగు చదవమని చెప్తారు. మీ ఇంట్లో చదివే పిల్ల ఏదండీ?" అని కిందటి నెల సభలోనే జగదాంబ టీచరు నిలదీసింది. ఒడియా బడిలో చదివిన మనవరాలి చేతే తెలుగు నవల చదివించి చూపిస్తానని, లేకపోతే ఈ కుర్చీ వదిలేస్తానని ఆయన అందరి ముందూ శపథం చేశాడు.

ఇప్పుడు ఎవడో దారినపోయేవాడు లేచి, లేదంటున్నాడు!

"ఎవరయ్యా నువ్వు?"

"రత్నకుమార్ అంటారు బాబూ. టికిరిలో బట్టలు కుడతాను."

నిజమే, మెడలో టేపు ఇంకా వేలాడుతోంది.

"ఎంతవరకు చదివేవు?"

"ఏడు."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

"నవ్వితే నవ్వండి. నవల సదవడానికి ఏ కాలేజీ సర్టిఫికెట్టు కావాలేటి? అచ్చులో తమ్ముడు అన్న కాళ్ళ మీద పడతాడు. రెండొందల పేజీలు ఎవడి మాటా పడని మనిషి! ఎందుకు పడ్డాడో రాసినాయన ఒక్క ముక్క సెప్పలేదు. పుస్తకం అయిపోవాల, పడేసేడు. నాకు మింగుడు పడలేదు. అందుకే..."

"రాసినవాడి కంటే నీకు ఎక్కువ తెలుసా?"

"పడవల సంగతి ఆయనకే తెలుసు. కాళ్ళ మీద పడమనడం ఎలాగుంటాదో నాకు తెలుసు. నన్ను శానామంది పడమన్నారు. పడలేదు."

హాల్లో గుసగుసలు లేచాయి. ఇంకాసేపు ఊరుకుంటే కుర్చీ కదిలేలా ఉందనిపించింది వరాహనరసింహానికి.

"సంఘానికో నియమం ఉంది. పుస్తకం చేతిలో లేనివాడు అభిప్రాయం చెప్పకూడదు. ఏదీ నీ పుస్తకం?"

రత్నకుమార్ సంచిలోంచి కాగితాల కట్ట తీశాడు. అంచున దారంతో గట్టిగా కుట్టి ఉంది.

వరాహనరసింహం దూరం నుంచే చూశాడు. చేతిరాత. గుండ్రటి ఒడియా అక్షరాలు.

"బాగుంది! ఇది తెలుగువాళ్ళ సంఘమయ్యా. ఒడియా పుస్తకాలకి ఇక్కడ పనిలేదు. నడు బయటికి."

"ఓపాలి సదివి సూడండి బాబూ. ఆ అమ్మి తప్పేటీ లేదు. నేనే..."

"మా పిల్లకి నీ సర్టిఫికెట్టు అక్కర్లేదు!"

అనూహ్య తల దించుకుంది. అవమానంతో అనుకున్నాడు తాత. సైగ చేశాడు. ఇద్దరు సభ్యులు లేచారు.

"సెయ్యి వెయ్యకండి. వచ్చిన దారి నాకు తెలుసు. బతిమాలి సెప్పుకునే రకం కాదు నేను."

అతను తిన్నగా వేదిక దగ్గరికి నడిచి, కట్టని బల్ల మీద పెట్టాడు. వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. రోడ్డు మీద కోరాపుట్ బస్సు ఎక్కడం కిటికీలోంచి అందరూ చూశారు.

"పీడా పోయింది" అన్నాడు వరాహనరసింహం.

జగదాంబ టీచరు అనూహ్య ముందున్న అచ్చు పుస్తకం అందుకుని చివరి పేజీ తిప్పింది. కళ్ళజోడు సర్దుకుంది.

"వరాహనరసింహం గారూ! తమ్ముడు పడ్డాడండీ. కాళ్ళ మీదే."

ఆయన పుస్తకం లాక్కుని చూశాడు. సంఘం బీరువాలో నాలుగేళ్ళుగా ఉన్నా ఆయన ఏనాడూ తిప్పని పేజీ అది.

"అమ్మీ, నువ్వు చదివేవా లేదా?"

"చదివేను తాతయ్యా. ఆ పుస్తకంలో కాదు. తెలుగు అక్షరాలు నాకు రావు. ఎప్పుడైనా కూర్చోబెట్టి నేర్పేవా నువ్వు?"

బ్యాగులోంచి జిరాక్స్ కాగితాలు తీసింది. వాటి నిండా ఒడియా అక్షరాలే. గొంతు సవరించుకుని పైకి చదివింది. వచ్చింది తెలుగు. ఏటి గాలీ, పడవ తాడూ వినిపించే తెలుగు.

"రాయగడ హాస్టల్లో తెలుగు పిల్లలమందరం ఇలాగే, ఒడియా అక్షరాల్లో తెలుగు చదువుతాం. పదకొండు నవలలయ్యేయి. ఎవరు ఇలా ఎత్తి రాస్తారో తెలీదు. టికిరి నుంచి చేతులు మారి వస్తాయి, అంతే."

"అతను కట్ట తీసినప్పుడే చెప్పొచ్చు కదా?"

"నీ కుర్చీ పోతుందని నోరు మూసుకున్నాను. తప్పే. ఇప్పుడు చెప్తున్నాను, అచ్చులో ఎలాగున్నా నాకు అనవసరం. తమ్ముడు పడడు. మళ్ళీ మైకిచ్చినా అదే చెప్తాను."

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బస్సు ఎప్పుడో మలుపు తిరిగిపోయింది.

వరాహనరసింహం బల్ల మీది కట్ట అందుకుని, నలభై ఏళ్ళు బోర్డుల మీద చూసిన ఆ అక్షరాలనే కూడబలుక్కుంటూ చివరి పేజీకి వచ్చాడు.

'తమ్ముడు అన్న కాళ్ళ మీద పడ్డాడు' అని మూడుసార్లు రాసి, మూడుసార్లూ కాగితం చిరిగేలా కొట్టేసి ఉంది. దాని కింద, ఇందాక హాలంతా ఊపిరి బిగబట్టి విన్న ముగింపు, ఒక్కో మాటా దిద్దుకుంటూ ఆ దర్జీ సొంతంగా రాసుకున్నది.