లోపలి కుట్టు

ఈ వారం ఇంకో అరంగుళం లోపలికి పట్టాలి. పట్టడానికి రవికలో చోటు లేదు.

కాశింవలి తన భార్య రవికను తిరగేసి మిషను మీద పరిచాడు. పక్క కుట్టును ఆనుకుని ఇంకో కుట్టు, దాన్ని ఆనుకుని మరొకటి, మొత్తం ఐదు. దర్జీ అన్నవాడు రవిక లోపల రెండు వేళ్ల గుడ్డ అదనంగా వదులుతాడు, మనిషి ఒళ్లు చేసినప్పుడు ఒక్కో కుట్టూ విప్పుకోవడానికి. ముప్పై ఏళ్లుగా చిత్తూరు ఆడవాళ్లకు కాశింవలి విప్పిన కుట్లే ఎక్కువ. ఇంట్లో మనిషికి మాత్రం మూడు నెలలుగా వేసుకుంటూనే వస్తున్నాడు.

జబ్బు బయటపడిన రోజే అతని భార్య వహీదున్నీసా తన మాట చెప్పేసింది. వాళ్ల అక్క ఇదే జబ్బుతో పోయింది. ఆఖర్న ఆవిడ ఒంటి మీద రవిక కొయ్యకు తగిలించినట్టు వేలాడేది.

"నా రవిక వదులైన రోజు నేను మందు మానేస్తా. అక్క మాదిరి ఈడ్సుకుంటా ఉండను. ఆపైన నన్ను వేలూరు ఆస్పత్రికి రమ్మని అడగొద్దండి."

అన్న మాట తప్పే మనిషి కాదు. కాశింవలికి అదే భయం. మొత్తం ఎనిమిది సూదిమందులు, ఎనిమిదీ పడితే నిలబడుతుందని డాక్టరు చెప్పాడు. ఆరు పడ్డాయి. ఏడోది ఈ రోజే, పన్నెండు గంటల బస్సుకు బయలుదేరాలి.

అందుకే ఉతికిన రవికలు ఇస్త్రీ చేసుకొస్తానని అంగడికి తెచ్చుకుంటాడు. ఇస్త్రీకి ముందు ఓ కుట్టు వేస్తాడు. ఆసుపత్రిలో ఆమె బరువు చీటీ తనే అందుకుని జేబులో దాచేస్తాడు. సూదికి అడ్డమని గాజులు మొదట్లోనే తీయించాడు. ఇంట్లో నిలువుటద్దం పగిలిపోయింది. ఎలా పగిలిందో అతన్ని అడక్కూడదు.

"ఎన్నాళ్లని దాస్తావన్నా?" అంది మునిలక్ష్మి, హుక్కు కుడుతూ.

అంగడిలో హుక్కులూ చేతికుట్టూ ఇప్పుడామె పని. ఇదివరకు అది వహీదున్నీసాది. వహీదున్నీసా అన్నం కుడిచేత్తో తిన్నా సూది మాత్రం ఎడమచేత్తోనే పట్టేది. అందరి కుట్లూ ఒక వైపుకు వాలితే ఆమెవి అవతలి వైపుకు వాలేవి. అంచు చూసి ఇది సాయిబు భార్య చేతిదని వీధిలో ఆడవాళ్లు గుర్తుపట్టేవాళ్లు. జబ్బు చేశాక అంగడి పని మానుకుంది.

"ఇంకో రెండు సూదులు పడేదాకా దాస్తా. ఆపైన నన్ను తిట్టినా, కొట్టినా సరే," అన్నాడు కాశింవలి.

"నువ్వూ చిక్కిపోయినావు. ఆ దగ్గేంది?"

"నాకేమైంది? దగ్గు విని పోయినసారి డాక్టరు నాకూ ఛాతీ ఫోటో తీయించినాడు. నన్ను బయట కూర్చోమని అంతా వహీదాకే చెప్పినాడు. ఏమీ లేదంట. బలానికి బిళ్లలు ఇచ్చినాడంతే." రెండు చేతులూ చాపాడు. "పోయిన రంజానుకు కుట్టుకున్న చొక్కా ఇది. యాడన్నా వదులుండాదా, సూడు."

చొక్కా ఒంటికి అతికినట్టే ఉంది. మునిలక్ష్మి ఒకసారి చూసి తల దించుకుంది.

కాశింవలి బ్లేడు తీసుకుని రవిక మొత్తం విప్పేశాడు. ఇక వేరే దారి లేదు. భుజాలు తగ్గించాడు, చంకలు మళ్లీ కత్తిరించాడు, మెడ లోపలికి లాగాడు. మిషను తొక్కుతుంటే ఆయాసం వచ్చింది. సూదిలో దారం రెండుసార్లు తెగింది. యా అల్లా, రెండే రెండు సూదులు, ఆపైన నీ ఇష్టం అనుకున్నాడు. ఆపైన కూడా దేవుడి ఇష్టానికి వదలాలని అతనికి లేదు.

పదకొండున్నరకు వహీదున్నీసా సంచీతో వచ్చింది. మెట్టెక్కి కాసేపు గోడ పట్టుకుని నిలబడింది.

"ఇస్త్రీ అయిందా?"

"అయింది. ఈడే తొడుక్కో, నేరుగా బస్టాండుకు పోదాం."

రవిక తీసుకుని మూల తెర వెనక్కి వెళ్లింది. కాశింవలి కత్తెర చేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. తెర కదిలింది, ఆగింది, మళ్లీ కదిలింది. ఇంతసేపు దేనికి? భుజం జారిందా? మెడ తేడా కనిపెట్టిందా? మునిలక్ష్మి సూది పట్టుకున్న చెయ్యి కూడా ఆగిపోయింది.

వహీదున్నీసా కొంగు సర్దుకుంటూ బయటికి వచ్చింది.

"ఎట్లుండాది?" అన్నాడు.

"ఎప్పటి మాదిరే ఉండాది. పోదాం పదండి."

కాశింవలికి ఏడుపొచ్చింది. దాన్ని దగ్గులో కలిపేశాడు. చాలాసేపు దగ్గాడు.

వహీదున్నీసా అతని వీపు నిమిరింది. "చొక్కా అంతా చెమటకు తడిసిపోయిండాది. బస్సులో గాలికి ఇంకా పట్టుకుంటాది. మార్చుకోండి," అని సంచీలోంచి ఉతికిన చొక్కా తీసి ఇచ్చింది.

అతను దాన్ని పట్టుకుని తెర వెనక్కి వెళ్లాడు. బట్టలు తిరగేసి ఆరేయడం, సరిచేసి మడిచి చేతికందించడం ఆమె అలవాటు. ఈ రోజు బస్సు తొందరలో సరిచేయకుండానే మడిచి తెచ్చింది.

తిరగేసి ఉన్న ఆ చొక్కాను వెలుతురుకు పట్టిన కాశింవలికి, రెండు పక్కలా తను వేసిన మిషను కుట్టును ఆనుకుని, ఒకదాని తర్వాత ఒకటిగా లోపలికి పట్టిన మూడు వరసల చేతికుట్టు, అంతా అవతలి వైపుకు వాలి కనిపించింది.