కనుమ మీద ఎత్తిన బానెట్

సారిబెల్ కనుమ ఎక్కుతుండగా పై మలుపులో ఆకున్‌కు ఒక పికప్ కనిపించింది. డీజిల్ బండి. బానెట్ ఎత్తి ఉంది. పక్కన రాయి మీద అతని అన్న సమ్సాలి కూర్చుని ఉన్నాడు.

ఆకున్ కాలు బ్రేకు మీదికి వెళ్ళింది. తీశాడు. మళ్ళీ వేశాడు.

అన్నదమ్ములకు మాటల్లేవు. తండ్రి సంవత్సరీకం విందుకు సమ్సాలి ఒక గుర్రాన్ని కోయించాడు. ఆ గుర్రం ఆకున్‌ది. అడగలేదు. అప్పటినుంచి సంతలో ఒకరు కనిపిస్తే ఇంకొకరు వెనక్కి తిరిగేవారు. ఆకున్‌కు మనవడు పుట్టాడు. సమ్సాలి చూడ్డానికి రాలేదు. ఆకున్ పిలవనూ లేదు. ఇప్పుడు ఆ పిల్లవాడు అడుగులు వేస్తున్నాడు. ఆదివారం వాడి కాళ్ళకు దారం కట్టి తెంపే వేడుక. దీవించాల్సింది ఇంటి పెద్ద. ఆ ఇంటి పెద్ద రాయి మీద కూర్చుని ఉన్నాడు.

కనుమ మీద బానెట్ ఎత్తిన బండిని ఎవరూ దాటిపోరు. పగవాడిదైనా సరే, ఆగాల్సిందే.

ఆకున్ ఆగాడు. దిగి, అన్న వైపు చూడకుండా పికప్‌నే అడిగాడు.

“ఏమైందే నీకు?”

సమ్సాలి కూడా పికప్‌తోనే అన్నాడు. “చెప్పవే. వేడి చూపే సూది ఎర్రగీత దాటిందని చెప్పు. నీళ్ళన్నీ పోయాయని చెప్పు.”

“ఎటు పోయాయట?”

“అది తెలిస్తే ఇక్కడెందుకు పడుంటుంది?”

బండి కింద నేల తడిసి ఉంది. ఆకున్ చేతికి గుడ్డ చుట్టుకుని రేడియేటర్ మూత తీశాడు. లోపల చుక్క లేదు.

“వాగు కిందుంది. డబ్బా పట్టుకెళ్ళమను,” అన్నాడు బండితో.

“ఎవర్ని?”

“నడుం వంగేవాణ్ణి.”

సమ్సాలి గొణుక్కుంటూ డబ్బా తీసుకుని దిగాడు. తిరిగొచ్చేసరికి ఆకున్ మోచేతుల మట్టి దులుపుకుంటూ గొట్టాలు తడుముతున్నాడు. సమ్సాలి నీళ్ళు పోశాడు. మెల్లగా పోశాడు. పోస్తూ వంగి బండి కిందికి చూశాడు. కొత్తగా చుక్క పడడం లేదు. తమ్ముడి వంక చూశాడు. ఆకున్ ఫ్యాను బెల్టు నొక్కి చూస్తున్నాడు.

“ఇంకో డబ్బా కావాలి,” అన్నాడు ఆకున్.

రెండో డబ్బా కూడా పోశాక ఇంజను వేశారు. ఇద్దరూ రేడియేటర్ మీదికి తలలు వంచారు.

“హెడ్ గాస్కెట్ పోతే ఇక్కడ బుడగలు రావాలి. రావట్లేదు.”

“అయితే బాగున్నట్టేనా?”

“అంత తొందరేంటి? పొగ చూడాలి.”

పొగ చూశారు. తెల్లగా లేదు. ఇంజను ఆపి ఆయిల్ పుల్ల తీసి చూశారు. నూనెలో నీళ్ళు కలవలేదు. క్యాబిన్‌లో కాళ్ళకింది గోనె ఎత్తారు. హీటరు గొట్టం దగ్గర పొడిగానే ఉంది. నీళ్ళ పంపు చక్రం పట్టుకుని ఊపారు. ఊగలేదు.

“నీళ్ళు తగ్గట్లేదురా,” అన్నాడు సమ్సాలి.

‘రా’ అనేసరికి ఇద్దరూ ఒక్క క్షణం ఆగారు.

“అదే నాకు అనుమానంగా ఉంది,” అన్నాడు ఆకున్. “థర్మోస్టాట్ విప్పుదాం.”

బోల్టులు మొరాయించాయి. ఒకరు రెంచి పట్టారు, ఒకరు దాన్ని రాయితో కొట్టారు. బయటికి తీసిన థర్మోస్టాట్‌ను ఆకున్ తన బండిలోంచి స్టవ్‌తో పాటు తెచ్చిన టీ కెటిల్లో వేసి, నీళ్ళు పోసి, స్టవ్ వెలిగించారు. నీళ్ళు కాగాక దాని మూత తెరుచుకుంటే బాగున్నట్టు. కెటిల్‌కు చెరోవైపు గొంతుక్కూర్చున్నారు.

“ఇంత ఎత్తున నీళ్ళు సరిగా కాగకుండానే మరుగుతాయి. తెరుచుకుంటుందంటావా?”

“కూర్చో. చూద్దాం.”

చూస్తూ కూర్చున్నారు.

“ఇదే గుర్రమైతే ఈపాటికి కోయించేవాడివి,” అన్నాడు ఆకున్.

సమ్సాలి కెటిల్లోంచి చూపు ఎత్తలేదు. “నా గుర్రం అప్పుడు కుంటుతోంది. నాన్న విందుకు కుంటిదాన్ని కోయిస్తే నలుగురూ ఏమంటారు? నిన్నడిగితే నువ్వు ఇచ్చేవాడివి కాదు.”

“ఇచ్చేవాణ్ణి.”

“అబద్ధం.”

“అబద్ధమే. అయినా అడగాల్సింది.”

“అడగాల్సింది,” అన్నాడు సమ్సాలి.

గాలికి స్టవ్ మంట పక్కకు వాలింది. ఇద్దరూ ఒకేసారి చేతులు అడ్డం పెట్టారు.

“మాంసం మాత్రం రాయిరా అది. నాన్న విందని ఎవరూ నోరెత్తలేదు గానీ, మామయ్య పన్ను ఊడింది.”

“ముందు పన్నా?”

“ముందుదే. ఇప్పటికీ ఈల వెయ్యలేడు.”

ఆకున్ నవ్వు ఆపుకోలేక వెనక్కి పడ్డాడు. కెటిల్లో థర్మోస్టాట్ తెరుచుకుంది. ఇద్దరూ చూడలేదు.

తర్వాత అన్నీ బిగించారు. ఒలికిన నీళ్ళకు బదులు మళ్ళీ పోశారు. కెటిల్ కడిగి టీ పెట్టుకున్నారు. సమ్సాలి జేబులోంచి ఎండు పెరుగు ఉండలు తీసి సగం తమ్ముడి చేతిలో పోశాడు. అటువైపు కొండ మీదికి నీడ పాకింది.

“ఆదివారం మనవడి దారం తెంపుతున్నాం,” అన్నాడు ఆకున్. “దీవించేది నువ్వే.”

“దార్లో బండి మళ్ళీ ఆగిపోతే?”

“నడిచి రా. వాడూ నడుస్తున్నాడు.”

సమ్సాలి క్యాబిన్ ఎక్కి, తలుపు వేసుకుని, కిటికీలోంచి తల బయటికి పెట్టాడు.

“ఇంతకీ దీని రోగమేంట్రా?”

“అంతుపట్టలేదన్నా.”

“మెకానిక్కులు కూడా కనుక్కోలేరంటావా?”

“కష్టమే,” అన్నాడు ఆకున్.

పికప్ మలుపు తిరిగింది.

అన్న మొదటి డబ్బాతో వాగులోకి దిగినప్పుడే ఆకున్ బండి కిందికి దూరి, ఏ గతుక్కీ వదులవని, చేత్తో విప్పితే తప్ప తెరుచుకోని రేడియేటర్ అడుగున నీళ్ళు వదిలే కుళాయి బార్లా తెరిచి ఉంటే తిప్పి బిగించేశాడు.