శేషం ముగ్గురు

సిరిసిల్ల నుంచి ఆఫీసరు తనిఖీకి వస్తున్నారని లెక్కల సారు ప్రేమ్‌సాగర్ ఐదో తరగతి పిల్లలను వరుసలు కట్టించసాగారు. మొత్తం ముప్పై ఐదు మంది. ఇద్దరేసి నిలబెడితే ఒకరు, ముగ్గురేసి అయితే ఇద్దరు, నలుగురేసి అయితే ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురూ బూట్లు లేని పిల్లలే కావడం లెక్కల మహిమ కాబోలు.

“మీరు వంటగదిల కూసోండ్రి. లెక్కల మిగిలిండ్రు, నేనేం జెయ్యాలె?” అన్నారు సారు ఎంతో బాధపడుతూ.

ముగ్గురిలో ఒకతైన బ్లెస్సీ కదల్లేదు.

“అయిదుతోని భాగించి సూశిండ్రా సార్? అయిదేడ్లు ముప్పై ఐదు. ఏడు వరుసలు, వరుసకు అయిదుగురు. ఎవ్వరు మిగలరు.”

ఇరవై ఏళ్లుగా ఎక్కాలు అప్పజెప్పించుకుంటున్న సారు, అయిదో ఎక్కం ఇప్పుడే విన్నట్టు ముఖం పెట్టారు. ఆయన చూపు మెల్లగా ఆమె పాదాల మీదికి జారింది.

అప్పుడు అర్థమైంది బ్లెస్సీకి. సారుకు లెక్క రాక కాదు.

“మరి... బూట్లు?” అని గొణిగారు సారు.

“వాటిని దేనితోని భాగించాలె సార్?”

బ్లెస్సీ మిగతా ఇద్దరి చేతులు పట్టుకుని వెళ్లి, ముందు వరుసలోనే నిలబడింది.