ఓపికగా వినడం ఎలా?

"నవ్వకండి! ఎదుటివాడు గోడు చెప్పుకుంటుంటే ఎవరైనా నవ్వుతారా?"

శిక్షకురాలి గొంతు అప్పటికే బొంగురుపోయింది. మైకు పొద్దుటే మూగబోయింది. ఊరూరూ తిరిగి పశువుల పెంపకం మీద సలహాలు చెప్పే ఉద్యోగులతో పశువుల ఆసుపత్రి మేడమీది హాలు నిండిపోయింది. జనం చెప్పేది ఓపికగా వినడం వాళ్లకి నేర్పమని ఆమెను పంపించారు. నేర్పడం మాట దేవుడెరుగు, వెనకవరసలో పశువుల డాక్టరు గురక ఆపడానికే ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

"వినడం కూడా ఒకరు నేర్పాలా తల్లీ? అందరికీ రెండేసి చెవులున్నాయిగా" అని బయల్దేరేటప్పుడు అత్తగారు విసిరిన మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఒకరు పశువుల కాపరిగా, ఇంకొకరు సలహాదారుగా నటించాలి. అంతే. దానికే చుక్కలు కనిపిస్తున్నాయి. కాపరిగా నిలబడ్డ లావుపాటి ఉద్యోగి "నా బర్రె..." అని మొదలెట్టి, తనకే నవ్వాగక కుర్చీలో కూలబడ్డాడు. హాలు గొల్లుమంది.

ఇంకాసేపట్లో డైరెక్టరుగారు వస్తారు. ఆయన ముందు కూడా ఇదే భాగోతమైతే ఇక తనను ఏ శిక్షణకీ పిలవరు.

ఆమె వరండాలోకి వెళ్లి హెడ్డాఫీసులోని స్నేహితుడికి ఫోన్ చేసింది. "నాటకాలాయన్ని పంపిస్తానన్నావు, ఏడీ?"

"దారిలో ఉన్నాడు. పల్లెటూరి వేషం కట్టాడంటే వాడి కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. కాకపోతే కాస్త తిక్క మనిషి. వేషంలోకి దిగితే ఓ పట్టాన బయటికి రాడు."

"రాకపోతే మరీ మంచిది!" అని ఫోన్ పెట్టేసింది.

డైరెక్టరు వచ్చి ముందువరసలో కూర్చోవడం, గుమ్మంలో ఆ మనిషి కనబడడం ఒకేసారి జరిగాయి. మోకాళ్లదాకా బురద, చెదిరిన జుట్టు, ఎగశ్వాస. వేషమంటే అలా ఉండాలి.

"ఇక్కడేనా అమ్మా, చెప్పుకోమన్నది? వాచ్‌మన్ పైకెళ్లమన్నాడు."

"ఇక్కడే, ఇక్కడే! ఇంతాలస్యమా?" అంటూ ఆమె రెక్కపట్టుకుని ముందుకు లాక్కొచ్చింది. సలహాదారు పాత్రకి సిద్ధంగా ఉన్న సీనియర్ ఉద్యోగిని చూపించింది. నోరు విప్పితే నీతివాక్యమే గనక ఆఫీసులో ఆయన్ని అందరూ సూక్తుల మాస్టారంటారు. "ఈయనతో చెప్పండి."

"అయ్యా, మేకలు పడిపోతున్నాయి. నోటివెంట నురగ. తెల్లారేసరికి ఒకటి పోయింది."

సూక్తుల మాస్టారు పొద్దున నేర్చుకున్నది అప్పజెప్పాడు. "మీ బాధ నాకర్థమైంది. మీరు ఎలా ఫీలవుతున్నారు?"

"నేనెలా ఉంటే ఏంటయ్యా! మేకల సంగతి చూడండి."

చప్పట్లు. డైరెక్టరు ముందుకు వంగాడు. ఆమె గుండె తేలికపడింది.

"అంటే, మీ మేకలు పడిపోతున్నాయి. నేను సరిగ్గానే విన్నానా?"

"నేను చెప్పిందే మళ్లీ నాకు చెప్తారేంటి? కింద చూస్తే అన్ని గదులకీ తాళాలు. డాక్టరుగారేరంటే శిక్షణలో ఉన్నారంట. శిక్షణ మీకూ, శిక్ష మాకూనా?"

డైరెక్టరు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "మనమీదే వేశాడే!"

అంతవరకూ బాగానే ఉంది. కానీ చివర్లో కాపరి శాంతించి దండం పెట్టాలి. ఈయన పెట్టడే!

"ఇప్పుడు మీ మనసు కుదుటపడింది కదా?" అన్నాడు సూక్తుల మాస్టారు.

"ఎందుకు పడుతుంది? ఎవరొస్తున్నారు?"

"అది కాదండీ, మనం మాట్లాడుకున్నాం కదా..."

"మాటలకి మేక లేస్తుందా?"

ఆమెకు ఒళ్లు మండింది. తిక్క మనిషంటే మరీ ఇంతా! దగ్గరికెళ్లి గొంతు తగ్గించి, "బాగా చేశారు. ఇక ముగించండి" అంది.

"ఏం ముగించాలమ్మా?"

"చాలు. అతి చెయ్యకండి."

ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. హాలు వైపు తిరిగి చేతులు జోడించాడు. "ఒకదాన్ని వెంట తెచ్చాను. ఇంకా ఊపిరి ఉంది. ఒక్కరు, ఎవరైనా ఒక్కరు కిందికి దిగి చూడండి బాబూ."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఆ చప్పుడుకి మేలుకున్న డాక్టరు, ఎందుకో తెలియకపోయినా, తనూ కొట్టాడు. ఆ బురదకాళ్ల మనిషి అందరి మొహాలూ ఒకసారి చూసి విసురుగా వెళ్లిపోయాడు.

"అద్భుతం! ఈ శిక్షణ మన ఆఫీసులన్నిటిలోనూ పెట్టిద్దాం" అన్నాడు డైరెక్టరు.

ఆమెకు సంతోషంకన్నా చిరాకే ఎక్కువగా ఉంది. డైరెక్టరు చేతిమీదుగా బహుమతి ఇప్పిద్దామంటే ఆగడే! నాలుగు చప్పట్లకే కళాకారుడికి కళ్లు నెత్తికెక్కాయా? బహుమతి పొట్లం పట్టుకుని గబగబా మెట్లు దిగింది.

గేటు బయట ఆయన ఒక ట్రాలీలోకి వంగి ఉన్నాడు. వీపు మాత్రమే కనిపిస్తోంది. తనలో తాను ఏదో గొణుక్కుంటున్నాడు. ఇంకా వేషం దిగలేదన్నమాట!

"ఏమండీ, మిమ్మల్నే! నాటకం అయిపోయింది. ఇక్కడ చూసేవాళ్లు కూడా ఎవరూ లేరు. ఇకనైనా ఆపుతారా?"

ఆయన తిరిగి చూడలేదు. ఆమె విసుగ్గా దగ్గరికెళ్లి, ఆయన భుజం మీదుగా లోపలికి చూసింది.

ట్రాలీలో నిజంగానే మేక ఉంది.