తుప్పు చిల్లులు

బుల్లెట్ బండి చప్పుడు వినగానే లాల్‌సింగ్ చేతిలోని రేకు ముక్క జారి కింద పడింది.

ఆ బండి ఎవరిదో అతనికి తెలుసు. సారపాక నుంచి మణుగూరు పోయే రోడ్డు మీద అది ఎదురైతే జామాయిల్ కూలీలు పక్కకు తప్పుకుంటారు. కాంట్రాక్టర్ శేషుది. తాగినా తాగకపోయినా చెయ్యి లేపే మనిషి.

అతని భార్య భవాని పొద్దున్నే బస్సు దిగి లాల్‌సింగ్ డెంటింగ్ షెడ్డుకు వచ్చింది. ఎడమ చెంప కమిలిపోయి ఉంది. ఒక కన్ను సగమే తెరుచుకుంటోంది.

“సాయంత్రం మా అక్క ఖమ్మం నుంచి వస్తదన్నా. నన్ను తోల్కపోతది. గప్పటిదాంక ఉండనియ్యి” అంది.

ఐటీఐలో తనతో పాటు పని నేర్చుకున్న రోజుల నుంచి ఎరిగిన పిల్ల. లాల్‌సింగ్ కాదనలేకపోయాడు.

ఉండమన్నాడు సరే, ఆ షెడ్డులో మనిషి దాక్కోవడానికి చోటేది? నాలుగు ఇనుప స్తంభాలు, పైన రేకులు, మూలన సామాన్ల గది. వెనక జామాయిల్ తోట. నడుమ మరమ్మతుకొచ్చిన వెంకటరామారావు గారి పాత అంబాసిడర్.

అది ఆయన తండ్రి ముచ్చటపడి కొన్న కారు. దమ్మపేటలో పశువుల కొట్టం పక్కన వానకు తడిసి తడిసి డిక్కీ అంచులు, వెనక మడ్‌గార్డులు తుప్పు పట్టిపోయాయి. అన్నీ గోరంత చిల్లులే. అయినా పుట్టీ పెట్టి పైపైన మూసెయ్యొద్దని ఆయన మరీమరీ చెప్పి వెళ్లారు. తుప్పు పట్టినంత మేరా కోసి, కొత్త రేకు ముక్కలు పెట్టి అతకాలి. రెండు వారాలుగా అదే పని.

శేషు బండి దిగాడు. చేతిలో ఇనుప రాడ్డు.

“ఏడున్నదిరా అది?”

“ఎవరన్నా?” లాల్‌సింగ్ రేకు ముక్క కోసం వంగాడు.

“నాటకాలు చెయ్యకు. బస్సు దిగి ఇటే వచ్చిందని చాయ్ కొట్టాయన చెప్పిండు.”

“నేనైతే చూడలేదన్నా. నేను, మా వెల్డర్ వీరన్న, ఈ కారు. గంతే.”

కారు వెనక నుంచి వెల్డింగ్ వెలుగు భగ్గుమంది. శేషు చప్పున మోచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

“అటు చూడకన్నా, కండ్లు పోతయ్” అన్నాడు లాల్‌సింగ్.

శేషు తిట్టుకుంటూ సామాన్ల గది తలుపును ఒక్క తన్ను తన్నాడు. లోపల పెయింటు డబ్బాలు దొర్లాయి. ఎవరూ లేరు. తోటలోకి వెళ్లాడు.

“భవానీ! దొరికినవా, నరికి గోదాట్ల పారేస్త!”

ఆ కేకకు చెట్ల మీది కాకులు గోలగా లేచాయి.

తోట గాలించి తిరిగొచ్చిన శేషు ఈసారి కారు వైపు చూశాడు.

“డిక్కీ తెరువు.”

లాల్‌సింగ్ అడ్డం వచ్చాడు. “అటు పోకన్నా. అంచులకు ఇప్పుడే అతుకులు పడుతున్నయ్. రేకు కాలుతున్నది. చెయ్యి పెడితే తోలు ఊడొస్తది.”

“తెరువంటున్న!”

“జర సల్లారినంక...”

రాడ్డు గాల్లోకి లేచి లాల్‌సింగ్ భుజం మీద పడింది. అతను అబ్బా అని మట్టిలో కూలబడ్డాడు. వెల్డింగ్ టక్కున ఆగిపోయింది.

“ఆపకు వీరన్నా! నీ పని నువ్వు చెయ్!” కింద పడ్డవాడు పడ్డట్టే అరిచాడు లాల్‌సింగ్.

తర్వాత మళ్లీ చిటపటలాడుతూ నిప్పురవ్వలు రాలాయి.

శేషు కారు వెనక్కి నడిచాడు. రాడ్డు కొసను సందులో దూర్చి డిక్కీ మూత పైకి లేపాడు. లాల్‌సింగ్ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. తనకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాడు.

డిక్కీలో ఒక పాత టైరు, జాకీ, కుప్పగా పడేసిన సీటు కవర్లు. శేషు ఆ కుప్పను రాడ్డుతో కసిగా పొడిచాడు. దుమ్ము లేచింది. అంతే.

లాల్‌సింగ్ కళ్లు తెరిచాడు. శేషు అక్కడి నుంచి కదల్లేదు. వెల్డింగ్ చేస్తున్న ఖాకీ చొక్కాకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు.

“ఏయ్, నువ్వన్నా చూసినవారా?”

నల్లటి వెల్డింగ్ ముసుగు అడ్డంగా ఊగింది.

“మాటలు రావా నీకు?”

“పనిల పడితే గంతేనన్నా ఆడు, పలకడు” అన్నాడు లాల్‌సింగ్.

శేషు వంగి మడ్‌గార్డు చూశాడు. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క, నడుమ రేకు చల్లారేందుకు జాగా వదులుతూ పడిన వెల్డింగ్. అంత పల్చటి రేకు కూడా ఎక్కడా వంకర పోలేదు.

“చెయ్యి మంచిగున్నదిరా. మా ట్రాలీ డోర్లు గూడ గిట్లనే చిల్లులు పడ్డయ్. పంపిస్త. వీనితోనే చేయించు.”

“అట్లనే అన్నా.”

“అది కనబడితే ఫోన్ చెయ్. దాచినవని తెలిసిందనుకో...” మిగతా మాట రాడ్డుతోనే చెప్పి, శేషు బండెక్కాడు.

బుల్లెట్ భద్రాచలం వైపు పోయింది. ఆ చప్పుడు సన్నబడి, సన్నబడి, పూర్తిగా పోయేదాకా షెడ్డులో ఎవరూ కదల్లేదు.

“పోయిండు” అన్నాడు చివరికి లాల్‌సింగ్, భుజం పట్టుకుని లేస్తూ.

నిన్ననే సెలవు పెట్టి ఊరికి పోయిన వీరన్న వదిలివెళ్లిన ముసుగును మొహం మీది నుంచి పైకెత్తి, భవాని ఆ కారు పక్కనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది.