రాళ్ల కాపలా

బ్రహ్మానందం చేతిలో అప్పటికి ఉన్నవి ఇవీ: జనగామలో ఇంటి ముందు పేర్చిన బండరాళ్లు, వాటి సందుల్లో గింజ నాటి పెంచిన తంగేడు, కాలు విరిగి మంచం మీదున్న భార్య వనమాల. ఏటా చిల్పూర్ గుట్టెక్కి పూలు కోసుకొచ్చే బ్రహ్మానందం ఈసారి భార్యను వదిలి ఊరు దాటలేదు. సద్దుల బతుకమ్మ దగ్గరపడింది. తంగేడు నిండా మొగ్గలే.

ఎస్సై జీపు దిగి నేరుగా ఆ రాళ్ల దగ్గరికి వచ్చాడు.

"ఫోనొచ్చింది సేటూ. సకల జనుల సమ్మె నడుస్తుంటే ఇంటి ముందట ఇన్ని రాళ్లేంది? మా మీదికి ఇసరనీకా?"

"తోట సార్," అన్నాడు బ్రహ్మానందం. "తంగేడు రాళ్లల్లనే మంచిగ పూస్తది. నీళ్లు పోసి సాకితే ఆకే గని పువ్వుండదు."

"గదంత నాకెందుకు? పొద్దూకేసరికి రాళ్లు లేవాలె."

కిటికీలోంచి వనమాల బతిమాలింది. "రాళ్లు కదిలిస్తే వేర్లు తెగుతయి సారూ. జర పండుగ దాక ఆగుండ్రి."

ఎస్సై కానిస్టేబుల్ జైపాల్ వైపు తిరిగాడు. "ట్రాక్టర్ తెప్పియ్యి."

"ట్రాక్టర్లు సమ్మెల ఉన్నయి సార్."

"కూలోళ్లు?"

"వాళ్లు గూడ. మనం తప్ప అందరు సమ్మెలనే ఉన్నరు."

ఎస్సై గడ్డం గోక్కున్నాడు. "అయితే నువ్వీన్నే కూసో. రాళ్ల దగ్గరికి పిట్ట గూడ రావద్దు."

మరునాడు పొద్దున్నే పక్కింటి గట్టమ్మ గంపతో వచ్చింది. "జరుగు బిడ్డా, బతుకమ్మకు నాలుగు పూలు తెంపుకుంట."

"ఎవ్వరూ రావద్దన్నరు అవ్వా," అన్నాడు జైపాల్.

"బతుకమ్మ పూలకు అడ్డమొచ్చినోన్ని నా ఇన్నేండ్లల్ల సూడలే. నీకు అక్కచెల్లెండ్లు లేరా?" గొణుక్కుంటూ ఖాళీ గంపతో వెళ్లిపోయింది.

సద్దుల నాటికి రాళ్లు కనబడనంతగా తంగేడు పూసింది. ఇంటివాణ్ణి జైపాల్ ఆపలేదు; బ్రహ్మానందం కోసి మంచం మీద పోశాడు. వనమాల తాంబాళంలో పూలు పేరుస్తూ అంది: "గట్టమ్మవ్వకు గంపెడు పంపు. జైపాల్ ఇంటికి గూడ. నిరుడు వాడకట్టంత తెంపుకపోతే నా తాంబాళానికి ఇంటి పువ్వు ఒక్కటి మిగల్లే, నువ్వు గుట్టెక్కితివి. అడిగితే లేదనరాదాయె. గీ రాళ్ల ముచ్చట పోలీసోళ్లకు జెప్పినోడు ఎవడో గని, వాని కడుపు సల్లగుండ."

"సల్లగనే ఉన్నది," అన్నాడు బ్రహ్మానందం గంప నింపుతూ. "ట్రాక్టర్లు దొరకయని తెలుసుకున్నంకనే ఫోన్ జేసిన."