పన్నెండు డాళ్లు

"నేనీ డాలు పట్ట సార్," అంటూ కృపాకర్ దాన్ని చర్చి గోడకు ఆనించాడు. అతన్ని చూసి సైనికుల వేషం వేసుకున్న మిగతా పదకొండు మందీ తమ డాళ్లు ఆనించేశారు.

ఈశ్వరరావు గాభరాగా గడియారం చూసుకున్నాడు. ఇంకో గంటలో గుడ్ ఫ్రైడే నాటకం. చిన్న మంగళారం ఊరి చర్చి ముందు జనం అప్పుడే చాపలు పరుచుకుంటున్నారు. మొయినాబాద్ నుంచీ చేవెళ్ల నుంచీ వచ్చిన ఆటోలు ఖాళీ అవుతున్నాయి. యేసును సిలువ దగ్గరికి తీసుకెళ్లే రోమన్ సైనికులే లేకపోతే ఇక నాటకమెక్కడిది?

పన్నెండేళ్లుగా ఊరి చివర విల్లాలో ఉంటున్నా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఈశ్వరరావును ఊరు "మా సార్" అనడం ఈ రెండు నెలల నుంచే, ఈ నాటకం సైనికులకు యుద్ధవిద్య నేర్పడం మొదలుపెట్టాకే. ఆ పిలుపు కాస్తా పోతుందేమోనని అతనికి నిజంగానే భయం వేసింది.

"ఏమైందయ్యా? బరువుగా ఉందా? ప్లైవుడ్డే కదా!"

"బరువేం లేదు సార్."

"మోకాళ్లు నొప్పా? ముందు వరస కూర్చుంటేనే కదా, వెనక వరస వాళ్ల తలల మీద డాళ్లు కప్పేది, సందుల్లోంచి ఈటెలు బయటికొచ్చేది! అప్పుడే అది డాళ్ల గోడ. నిన్నటిదాకా బ్రహ్మాండంగా కట్టారుగా?"

"ఇప్పుడు గూడ కడ్తం సార్. నిన్నటి ఉత్త చెక్కలియ్యున్రి, చాలు."

ఈశ్వరరావుకు ఒళ్లు మండింది. ఉత్త చెక్కలట! రోమన్ సైన్యం మీద అతను చదవని వెబ్‌సైట్ లేదు. ఏటా వాడే పొట్టి కత్తులు పక్కన పెట్టించి, రోమ్ చివరి కాలపు పొడుగు కత్తులు చేయించాడు. చేత్తో విసిరే చిన్న బల్లేలు ఒక్కో డాలు లోపల ఐదేసి గుచ్చాడు. సీసం ముద్ద ఉండాల్సిన చోట బంకమట్టి అద్దాడు.

"యేసయ్య కాలంల గిట్లనే ఉండెనా సార్?" అని కృపాకర్ మొదటిరోజే అడిగాడు.

"మూడొందల ఏళ్ల తర్వాతిది. అయితేనేం? ఇది అప్‌డేటెడ్ వెర్షన్!" అని నవ్వేశాడు ఈశ్వరరావు.

నిన్న సెలవు పెట్టి మరీ, ఇంటర్నెట్‌లో దొరికిన బొమ్మను చూసి పన్నెండు డాళ్ల మీదా ఎర్రరంగుతో తనే గుర్తు వేశాడు. ఒకదాన్నొకటి కోసుకుపోయే రెండు వాలు గీతలు, మధ్యలో ఒక నిలువు గీత, దాని తలమీద చిన్న వంపు. ఏదో దళం గుర్తు అయ్యుంటుందనుకున్నాడు.

"పోనీ, రంగు నచ్చలేదా?"

కృపాకర్ తల వంచుకున్నాడు. "అది కాదు సార్. మీరు మస్తు కష్టపడ్డరు. నాకు నోరొస్తలేదు." పక్కనే ఉన్న తల్లి కరుణమ్మ వైపు తిరిగాడు. "నువ్వే చెప్పే అవ్వా."

కరుణమ్మ సంచిలోంచి మడత పెట్టిన తెల్లబట్ట తీసింది. చర్చి లోపల బల్ల మీద పరిచేది, ఎల్లుండి ఈస్టర్‌కని ఉతికి ఇస్త్రీ చేసింది. దాన్ని మెల్లగా విప్పి ఈశ్వరరావు ముందు పట్టింది. బట్ట నడిమధ్య ఎర్రదారంతో కుట్టి ఉంది అదే గుర్తు.

"ఇది మా ప్రభువు పేరు సారూ, క్రీస్తు అన్న మాటల మొదటి రెండు గ్రీకు అక్షరాలు," అంది. "ఆయన పేరు మోసుకుంట పోయి, ఆయననే సిలువెయ్యమంటరా?"